కొలిమి కదలదు, కొలువు కదిలింది

ఇంటి నుంచి పని అందరికీ ఒక్కలా ఉండదు. ఎందువల్లనో తెలుసుకోవాలంటే భిలాయి ఉక్కు నగరంలోని ఇళ్ళలోకి తొంగి చూడాలి.

బ్లాస్ట్ ఫర్నేసును ఆర్పి ఇంటికి వెళ్ళడం కుదరదు. ఒకసారి రాజుకున్నదంటే అది ఏళ్ళ తరబడి రాత్రింబవళ్ళు మండుతూ ఉండవలసిందే. లోపలి వేడి పడిపోతే కరిగిన ఇనుమూ చిట్టెమూ గడ్డకట్టి కొలిమినే పట్టివేస్తాయి. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ భిలాయిలో మొదటి కొలిమిని ప్రారంభించారు. ఆనాటి నుంచి ఆ ఊరు మూడు షిఫ్టులలో బ్రతుకుతున్నది. పండుగ వచ్చినా, ఇంట్లో పెళ్ళి జరుగుతున్నా, ఎవరో ఒకరు కొలిమి దగ్గర నిలబడి ఉండక తప్పదు.

2020 మార్చి 24న కేంద్ర హోం మంత్రిత్వ శాఖ దేశమంతటికీ లాక్‌డౌన్ నిబంధనలు జారీ చేసింది. ఆ పత్రంలో భిలాయి వంటి ఊరికి సంబంధించిన మాటలు రెండు ఉన్నాయి. నిరంతరాయంగా నడవవలసిన కర్మాగారాలు రాష్ట్ర ప్రభుత్వ అనుమతితో నడవవచ్చునన్నది మొదటిది. సాఫ్ట్‌వేర్ రంగం అత్యవసర సేవలకు మాత్రమే, అదీ వీలైనంత వరకు ఇంటి నుంచే పని చేయాలన్నది రెండవది. ఉక్కు కార్మికుని ఇంట్లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఉంటే ఆ రెండు వాక్యాలూ ఒకే కప్పు క్రింద అమలు కావాలి. తండ్రి సైకిలో స్కూటరో ఎక్కి షిఫ్టుకు వెళ్ళాలి. కొడుకో కూతురో తలుపు మూసుకొని బల్ల ముందు కూర్చోవాలి.

అటువంటి ఇళ్ళు భిలాయిలో తక్కువేమీ కావు. వాటిలో తెలుగు ఇళ్ళూ ఉన్నాయి. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి కర్మాగార నిర్మాణం మొదలైన తరువాత శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి కూలీలు, మేస్త్రీలు, వెల్డర్లు, గుమాస్తాలు తరలివచ్చారు. కొందరు పని ముగిశాక వెళ్ళిపోయారు. చాలామంది స్థిరపడ్డారు. వాళ్ళ పిల్లలు హిందీలో చదువుకొని, ఛత్తీస్‌గఢీలో ఆడుకొని, తెలుగులో అన్నం అడిగారు. మూడవ తరం నాటికి కర్మాగారంలో ఉద్యోగాలు బాగా తగ్గిపోయాయి. చదువుకు పేరు మోసిన ఆ ఊరు తన పిల్లలను పూణే, హైదరాబాద్, బెంగళూరు నగరాలకు పంపించసాగింది. ఏడాదికి ఒకటి రెండుసార్లు దుర్గ్ స్టేషనులో దిగి, నాలుగు రోజులు ఉండి, పచ్చడి జాడీలతో తిరిగి రైలెక్కడం ఆ పిల్లలకు అలవాటయింది.

మార్చి 22 అర్ధరాత్రికి ప్రయాణికుల రైళ్ళు ఆగిపోకముందే కొందరు ఇల్లు చేరుకున్నారు. మిగిలినవారు రైళ్ళూ విమానాలూ కొద్దికొద్దిగా మొదలైన మే, జూన్ నెలలలో వచ్చారు. ఈసారి వారితోపాటు ఉద్యోగం కూడా వచ్చింది.

అది రావడానికి నిబంధనలు కూడా కొంత దారి ఇవ్వవలసి వచ్చింది. అంతవరకు కాల్ సెంటర్ల వంటి సేవా సంస్థలు తమ ఉద్యోగుల చేత ఇంటి నుంచి పని చేయించాలంటే ప్రభుత్వానికి ధరావతు కట్టాలి, ఒప్పందం వ్రాయాలి, అధీకృత సంస్థ ఇచ్చే ప్రత్యేక మార్గంలోనే కలపాలి. 2020 మార్చి 13న టెలికాం శాఖ ఈ షరతులను సడలించింది. అదే ఏడాది నవంబరులో పాత రిజిస్ట్రేషన్ పద్ధతినే తీసివేసింది. కొన్ని సంస్థలు కార్యాలయాలలోని కంప్యూటర్లను వ్యాన్లలో పెట్టి ఉద్యోగుల ఇళ్ళకు చేర్చాయి. యంత్రానికి సంబంధించిన చిక్కులు ఇలా వారాలలో తీరిపోయాయి. మనిషికి సంబంధించినవి అంత త్వరగా తీరేవి కావు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ‘టెలికమ్యూటింగ్’ అనే మాటను 1973లో లాస్ ఏంజెలిస్‌లో జాక్ నిల్స్ వాడుకలోకి తెచ్చారు. రోడ్ల మీద కార్లను నడిపించే బదులు తీగల మీద పనిని నడిపించరాదా అన్నది ఆయన ప్రశ్న. ఆయనకంటే పదకొండేళ్ళ ముందే, 1962లో, స్టెఫనీ షర్లీ అనే మహిళ ఇంగ్లండులో ఆరు పౌండ్ల పెట్టుబడితో ఒక ప్రోగ్రామింగ్ సంస్థ స్థాపించారు. పెళ్ళయి, పిల్లలు పుట్టి, ఉద్యోగం మానుకున్న చదువుకున్న స్త్రీలే ఆమె సిబ్బంది. వంటింటి బల్ల మీద కాగితం, పెన్సిలుతో వారు ప్రోగ్రాములు వ్రాసేవారు. కాంకార్డ్ విమానపు ‘బ్లాక్ బాక్సు’ ప్రోగ్రామును తయారు చేసింది ఆ వనితలే. ఖాతాదారులు ఫోను చేసినప్పుడు పసిబిడ్డ ఏడుపు వినబడకుండా ఆమె టైపు మిషను చప్పుడును టేపు మీద వినిపించేవారట! కంప్యూటరు ఒక గది అంత ఉన్న రోజులలోనే ఇంటికీ పనికీ మధ్య ఉన్న అసలు తగవు ఏమిటో ఆమెకు తెలిసిపోయింది.

ఆ తగవు భిలాయి క్వార్టరులో ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. రెండు గదులు, ఒక వసారా, వెనుక చిన్న పెరడు. తండ్రి రాత్రి షిఫ్టు చేసి తెల్లవారి వచ్చి పడుకుంటాడు. కొడుకు సాయంత్రం ఏడున్నరకు అమెరికాలోని బృందంతో మాట్లాడాలి. న్యూయార్కులో వేసవి కాలం అయితే అప్పుడు ఉదయం పది గంటలు. చెల్లెలి ఆన్‌లైన్ తరగతి, వంటింట్లో కుక్కరు కూత, వీధిలో కూరగాయల బండి కేక అన్నీ ఆ గోడల మధ్యకే వస్తాయి.

అయితే ఉక్కు నగరపు ఇంటికి ఇతరుల ఇళ్ళకు లేని శిక్షణ ఒకటి ఉన్నది. పగటి పూట నిద్రపోయే మనిషిని సోమరి అనుకోరాదన్న సంగతి అక్కడి పిల్లలకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. “నాన్నగారు నైటు చేసి వచ్చారు, నెమ్మదిగా ఆడుకోండి” అన్న మాట వింటూ పెరిగినవారే వారంతా. వేళగాని వేళ భోజనం, మూసిన తలుపు, అణచుకున్న గొంతులు అక్కడ వింత కాదు. పని వేళలు సూర్యుణ్ణి అనుసరించనక్కరలేదని అరవై ఏళ్ళుగా ఎరిగిన ఊరు అది.

కాని ఒక సంగతి ఆ ఊరికీ కొత్తే. భిలాయిలో ‘డ్యూటీ’ అంటే గడప దాటి వెళ్ళేది. గేటు దగ్గర హాజరు పడుతుంది. తిరిగి గడప తొక్కిన తరువాత మనిషి ఇంటివాడు. ఇంట్లో కూర్చున్నవాడు డ్యూటీలో ఉన్నాడంటే పెద్దలకు నమ్మశక్యం కాదు. “ఇంట్లోనే ఉన్నావు కదా నాయనా, గ్యాసు బండ వస్తుంది, చూసుకో” అంటుంది తల్లి. అందులో తప్పేమీ లేదు. కొడుకు ఎదుటే ఉన్నాడు, ఎవరితోనూ మాట్లాడడం లేదు, తెర వైపు చూస్తూ కూర్చున్నాడు. ప్రోగ్రాము వ్రాసేవాడు అరగంట కదలకుండా కూర్చున్నాడంటే అది అతని పనిలో అత్యంత కఠినమైన భాగం కావచ్చునని ఆమెకు ఎవరు చెప్పాలి? ఇక ఆ ఇంట్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేది కోడలయితే ఈ మాటలు అడగకుండానే పనులై మీద పడతాయి.

ఇది కేవలం గృహచ్ఛిద్రం కాదు, లెక్కకు అందిన విషయం. ఆసియాలోని ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ సేవా సంస్థలో పదివేల మందికి పైగా నిపుణుల పనిని గిబ్స్, మెంగెల్, సీమ్‌రోత్ అనే ఆర్థిక శాస్త్రవేత్తలు పరిశీలించి 2023లో ఫలితాలను ప్రచురించారు. కార్యాలయంలో ఉన్నప్పటి పనిని, 2020లో ఇంటికి చేరిన తరువాతి పనిని పోల్చి చూశారు. పని గంటలు పెరిగాయి. జరిగిన పని మాత్రం స్వల్పంగా తగ్గింది. గంటకు జరిగే పని లెక్క వేస్తే 8 నుంచి 19 శాతం దాకా పడిపోయింది. ఎవరూ సోమరులు కాలేదు. కారణం వేరే ఉన్నది. సమావేశాలు, సమన్వయాలు పెరిగి, ఆటంకం లేకుండా పని చేసుకునే సమయం బాగా కుంచించుకుపోయింది. బల్ల ప్రక్కకు వంగి అర నిమిషంలో అడిగే ప్రశ్నకు ఇప్పుడు అరగంట సమావేశం పెట్టవలసి వచ్చింది. ఇంట్లో పిల్లలు ఉన్నవారు మిగిలినవారికంటే ఎక్కువ గంటలు పని చేశారు, ఎక్కువగా నష్టపోయారు కూడా.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఆ లెక్కలు మహమ్మారి తొలి నెలలవి. బడులు మూసి, భయం ముసిరి, దేశమంతా తలుపులు వేసుకున్న కాలం అది. దానిని ఇంటి పని మీద చివరి తీర్పుగా తీసుకోవడం అన్యాయమవుతుంది.

మైక్రోసాఫ్ట్ సంస్థ పరిశోధకులు అదే కాలంలో తమ ప్రోగ్రామర్లను ప్రశ్నించగా 3,634 జవాబులు వచ్చాయి. వాటిలో కనిపించినది చిత్రమైన పరిస్థితి. ఒకరికి వరమైనదే మరొకరికి శాపమయింది. ఇంట్లో ఆటంకాలు తక్కువ అని కొందరు సంతోషిస్తే, ఇంట్లోనే ఆటంకాలు ఎక్కువ అని కొందరు వాపోయారు. కుటుంబం దగ్గర ఉండడం కొందరికి బలం, కొందరికి బరువు. సగటు మనిషి అనుభవం ఏమిటని అడిగితే సమాధానం లేదు. ఎందుకంటే ఆ సగటు మనిషి ఎక్కడా లేడు.

ఈ పరిశోధకుల బృందమే జట్టు మీద కూడా దృష్టి పెట్టింది. రెండవ విడత ప్రశ్నలకు జవాబిచ్చిన 608 మందిలో 74 శాతం మంది తోటివారితో కలిసి మెలిసి ఉండడం కోల్పోయామన్నారు. 51 శాతం మంది సహోద్యోగులతో మాట్లాడడం మునుపటికంటే కష్టమైందన్నారు. జట్టు పని బాగా సాగుతున్నదా లేదా అన్నది మూడు విషయాలతో ముడిపడి ఉన్నట్లు తేలింది. నలుగురూ కలిసి ఆలోచించగలుగుతున్నారా, మాట్లాడుకోవడంలో ఇబ్బంది ఎంత ఉన్నది, సరదా కలయికలు తృప్తినిస్తున్నాయా అన్నవే ఆ మూడు. ఇంటర్నెట్ వేగం, కుర్చీ సౌఖ్యం వంటివి అందులో లేవు.

పరిచయాల సంగతి మరొక అధ్యయనంలో ఇంకా స్పష్టంగా కనబడింది. 2021లో ప్రచురితమైన ఆ పరిశోధన అమెరికాలో 61,182 మంది మైక్రోసాఫ్ట్ ఉద్యోగుల సంభాషణల తీరును ఆరు నెలల పాటు పరిశీలించింది. ఇంటికి చేరిన తరువాత ఎవరి బృందంలో వారు మరింతగా మాట్లాడుకున్నారు. బృందానికీ బృందానికీ మధ్య ఉన్న పలుచని దారాలు మాత్రం తెగిపోసాగాయి. కాఫీ యంత్రం దగ్గర నిలబడినప్పుడు పక్క విభాగం మనిషి యథాలాపంగా చెప్పే మాటకు ఎజెండాలో చోటు ఉండదు. అయితే సంస్థకు కొత్త సంగతులు చాలావరకు అటువంటి మాటల ద్వారానే చేరుతాయి.

ఇదంతా అనుభవజ్ఞుల సంగతి. వారికి పాత పరిచయాలు ఉన్నాయి, వాటి మీద రెండు మూడేళ్ళు నెట్టుకురాగలరు. ఎటుతిరిగీ నష్టపోయినది 2020, 2021 సంవత్సరాలలో కళాశాల నుంచి తిన్నగా ఉద్యోగంలో చేరిన యువకుడు. అతడు కార్యాలయం చూడలేదు. పై అధికారి ఎంత పొడుగో తెలియదు. అడగవలసిన ప్రశ్న తెలివితక్కువదేమో అన్న జంకుతో గంటల తరబడి ఒంటరిగా తంటాలు పడతాడు. అదే ప్రక్కన ఒక అన్నో అక్కో కూర్చుని ఉంటే, ముఖం చూసి, “ఏమయింది?” అని వాళ్ళే అడిగి ఉండేవారు.

అతని తండ్రి తన పని ఎలా నేర్చుకున్నాడో గుర్తు చేసుకుంటే ఈ లోటు ఎంతటిదో అర్థమవుతుంది. కొలిమి దగ్గర గాలి గొట్టాలకు చిన్న చిన్న చూపు కిటికీలు ఉంటాయి. వాటిలోకి నీలి అద్దం అడ్డం పెట్టుకొని చూస్తారు. లోపలి వెలుగు రంగును బట్టి, బొగ్గు ఎగిరిపడే తీరును బట్టి, కొలిమి ఆరోగ్యంగా ఉన్నదీ లేనిదీ పెద్దవాడు చెబుతాడు. కొత్తవాడు అదే కిటికీలోంచి చూస్తాడు. మొదట్లో వెలుగు తప్ప ఏమీ కనిపించదు. పెద్దవాడు చూపించగా చూపించగా ఒకనాటికి కనబడుతుంది. నేడు కొలతలు చెప్పే సాధనాలు ఎన్నో వచ్చాయి. అయినా ఆ విద్యలో ప్రక్కన నిలబడవలసిన భాగం మిగిలే ఉన్నది.

ప్రోగ్రాము వ్రాయడంలో ఆ కిటికీ వంటిది ఏమైనా ఉన్నదా? ఉన్నది. ఒకరు వ్రాసిన కోడును మరొకరు చదివి తప్పొప్పులు వ్రాసి పంపే ఆచారమే అది. దానిని కోడ్ రివ్యూ అంటారు. ఎమాన్యుయెల్, హారింగ్టన్, పల్లేస్ అనే ముగ్గురు అమెరికన్ ఆర్థిక శాస్త్రవేత్తలు ఒక పెద్ద సంస్థలో ఈ వ్యాఖ్యలను లెక్కపెట్టారు. ఆ సంస్థకు కొంత ఎడంగా రెండు భవనాలు ఉన్నాయి. కొన్ని జట్లు ఒకే భవనంలో కూర్చునేవి, కొన్ని రెండింటిలో చీలి ఉండేవి. ఒకే చోట ఉన్న జట్ల ఇంజనీర్లకు తమ కోడు మీద ఎక్కువ వ్యాఖ్యలు అందేవి. ఈ వ్యాఖ్యలు నోటి మాటలు కావు. కంప్యూటరు మీద వ్రాసి పంపేవే! భవనాలు మూతపడి అందరూ ఇళ్ళకు చేరగానే ఆ తేడా చాలావరకు మాయమయింది. దగ్గర కూర్చోవడం వల్ల వ్రాతపూర్వకమైన సలహా కూడా పెరుగుతుందన్నమాట. ఎక్కువ లాభపడినవారు చిన్నవారు.

ఈ లెక్కలో మరొక ముఖం కూడా ఉన్నది. దానిని దాచడం మంచిది కాదు. చిన్నవారికి నేర్పడంలో పెద్దవారి సమయం ఖర్చవుతుంది. ప్రక్కన శిష్యులు లేని పెద్ద ఇంజనీరు ఇంట్లో కూర్చుని తన పని ఎక్కువగా చేసుకోగలడు. ఈ ఏడాది లెక్కలలో అది లాభంగానే కనిపిస్తుంది. నేర్వవలసింది నేర్వలేకపోయిన కుర్రవాని నష్టం ఏ పద్దులోనూ పడదు, పడినా అయిదారేళ్ళకు గాని బయటపడదు. ఇంటి పని బాగా సాగుతున్నదని 2020లో చెప్పిన అధికారులు అబద్ధమాడలేదు. వారు చూసిన పద్దు అది.

పర్యవేక్షణ సంగతి కూడా చెప్పాలి. కనిపించని ఉద్యోగిని నమ్మాలా, కాపు కాయాలా అన్నది ప్రతి జట్టు నాయకుని ముందూ నిలిచిన ప్రశ్న. మౌసు కదిలిందా లేదా అని నిమిషం నిమిషం లెక్కించే యంత్రాంగాన్ని కొన్నిచోట్ల పెట్టారు. గేటు దగ్గర హాజరు పడిన తరువాత ఏ మేస్త్రీ కార్మికుని చేయి పట్టుకు తిరగడు. అతడు చూసేది ఇనుము సమయానికి వచ్చిందా లేదా అని. చేయవలసిన పనిని స్పష్టంగా చెప్పి, అది అయిందో లేదో మాత్రమే అడిగిన నాయకుల జట్లలో ఇంటి పని మనుషులకు స్వేచ్ఛలా అనిపించింది. మిగిలినచోట్ల సొంత ఇంట్లోనే నిఘాలో ఉన్నట్లు అనిపించింది.

2020లో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్, 2025 నాటికి తమ ఉద్యోగులలో ఏ సమయంలోనైనా 25 శాతం మంది కంటే ఎక్కువ కార్యాలయంలో ఉండనక్కరలేదని ప్రకటించింది. మూడేళ్ళు తిరిగేసరికి గాలి మారింది. 2023 అక్టోబరు నుంచి వారానికి ఐదు రోజులూ కార్యాలయానికి రావాలని అదే సంస్థ కోరింది. ఇతర సంస్థలు కూడా తమ తమ పద్ధతులలో పిలుపులు పంపాయి. భిలాయి ఇళ్ళలో పెట్టెలు మళ్ళీ సర్దుకున్నారు.

ఈ రెండు కొసలకూ మధ్య మార్గం ఒకటి ఉన్నదని చైనాలో జరిగిన ప్రయోగం సూచిస్తున్నది. ట్రిప్.కామ్ సంస్థలో 1,612 మంది ఉద్యోగులను, వారిలో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు కూడా ఉన్నారు, రెండుగా విభజించారు. ఒక వర్గం వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని చేసింది. మరొక వర్గం పూర్తిగా కార్యాలయంలోనే ఉన్నది. 2024లో వెలువడిన ఫలితాల ప్రకారం, రెండేళ్ళ వరకు చూసినా పనితీరులో, పదోన్నతులలో ఏ తేడా కనిపించలేదు. కాని రెండు రోజుల వెసులుబాటు దొరికిన వారిలో ఉద్యోగం మానేవారు మూడింట ఒక వంతు తగ్గారు. మధ్య మార్గం ఇంత బాగా పని చేసినా, భిలాయి వంటి ఊరికి దానిలో ఒక మెలిక ఉన్నది. వారానికి మూడు రోజులు హైదరాబాదులో ఉండవలసినవాడు మిగిలిన రెండు రోజులకు దుర్గ్ రాలేడు. అద్దె ఇల్లు అక్కడ ఉండవలసిందే. నగరంలో ఇల్లున్నవారికి అది వరం. దూరపు ఊరివారికి మళ్ళీ పాత రైలే.

పాత రైలు అనడం పూర్తిగా సరి కాదు. 2024 సెప్టెంబరులో దుర్గ్ నుంచి రాయగడ, పార్వతీపురం, విజయనగరం మీదుగా విశాఖపట్నానికి వందే భారత్ రైలు మొదలయింది. కూలీలుగా వచ్చిన తాతలు దిగిన త్రోవలోనే ఇప్పుడు మనుమలు ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకొని వెళుతున్నారు.

ఆ నెలలలో భిలాయి ఉక్కు నగరానికి మరొక అనుభవం కూడా కలిగింది. 2021 ఏప్రిల్‌లో రెండవ విడత మహమ్మారి దుర్గ్ జిల్లాను తీవ్రంగా తాకింది. ఉక్కు తయారీకి వాడే ఆక్సిజన్ ప్లాంట్ల నుంచే ఆసుపత్రులకు ప్రాణవాయువును ట్యాంకర్లలో పంపారు. అటు కర్మాగారంలో డ్యూటీ చేసినవారు, ఇటు మూసిన తలుపు వెనుక కూర్చుని అమెరికా బ్యాంకుల ప్రోగ్రాములు నడిపినవారు ఒకే వంటింట్లో తిన్నారు. కొడుకు చేసే పని ఏమిటో అనేకమంది తండ్రులు మొదటిసారి కళ్ళారా చూసినది అప్పుడే. రాత్రి పన్నెండింటికి తెర మీద ఎర్రని తప్పు గుర్తులు వస్తే కొడుకు ముఖం ఎలా మారుతుందో చూసి, కొలిమి మొరాయించిన రాత్రి తన ముఖం ఎలా ఉండేదో తండ్రికి గుర్తుకు వచ్చి ఉండాలి.

మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామర్ల జవాబులలో ఒక చిన్న ప్రశ్న కనిపించింది: “వారాంతం ఎలా గడిచింది?” మామూలు రోజులలో మర్యాద కోసం అడిగే ఆ మాట, ఒంటరితనపు నెలలలో “నీవు బాగున్నావా, మేము నీ వెనుక ఉన్నాము” అని చెప్పే మార్గంగా మారిందట. తెలుగువారికి ఈ సంగతి ఎవరూ పరిశోధించి చెప్పనక్కరలేదు, “భోంచేశారా?” అన్న మాటకు అర్థం అన్నం గురించి కాదని మనకు తెలుసు. భిలాయి సెక్టార్లలో పెరటి గోడ మీదుగా పొరుగువారిని పలకరించే మాట మరొకటి ఉన్నది: “ఈ వారం ఏ షిఫ్టు?” 2020 వేసవిలో ఆ ప్రశ్నకు కొన్ని ఇళ్ళలో రెండు జవాబులు చెప్పవలసి వచ్చింది. “ఆయనకు నైటు. మా వాడికి అమెరికా టైము.”